బొటనవేలి కొలత

నౌపడ ఉప్పుమడుల్లో గట్టు తెగిన చోట
జేసీబీ పళ్ళకు తగిలింది ఆ మనిషి.
మూడు బియ్యం సంచుల్లో శ్రీకాకుళం చేరింది.
ప్రతి సంచి మీదా
నికర బరువు ఇరవై ఐదు కిలోలని అచ్చు.

కడిగి ఆరబెట్టాను.
తెల్లారేసరికి ఎముకల మీద ఉప్పు పూసింది.
మళ్ళీ కడిగాను, మళ్ళీ పూసింది.
మూడోనాటికి నేనే ఊరుకున్నాను.

కానిస్టేబుల్ ఢిల్లేశ్వర్రావు గుమ్మంలోనే నిలబడి
పెన్ను మూత తీశాడు.
"ఆడా మగా మేడమ్? ఒక్క ముక్క సెప్పీండి.
కనపడకుండా పోయినోడొకడు,
పోయినదొకర్తి,
రెండు ఫైళ్ళున్నాయి మాకాడ."

ఒక్క ముక్క.
నా బల్ల మీద నూట డెబ్భై మూడు ముక్కలున్నాయి.

ముందుగా పుర్రె మాట్లాడింది, దానికి తొందరెక్కువ.
కనుబొమల గట్టు కాస్త లేచింది.
చెవి వెనక బుడిపె లావు.
తల వెనక, మెడ కండరాలు పట్టుకు వేలాడే చోట
కొక్కెంలా ఒక ముడి.
ఒకటి నుంచి ఐదు దాకా వేసే మార్కుల్లో
దానికి ఐదు వేశాను.
"మగోడే" అంటూ అతను రాయబోయాడు.
ఆగమన్నాను.

కటి ఎముకలు రెండూ దగ్గరికి చేర్చి పట్టుకుంటే
ముందువైపు, కింద, ఒక కోణం.
మా సారు నేర్పిన కొలతకి స్కేలు అక్కర్లేదు.
చూపుడువేలూ నడిమివేలూ విప్పినంత సందయితే మగ,
బొటనవేలూ చూపుడువేలూ చాచినంతయితే ఆడ.
నా ఎడమచెయ్యి పెట్టి చూశాను.
బొటనవేలు వెళ్ళి
ఎప్పటి నుంచో తన చోటన్నట్టు కూర్చుంది.
వెనక గండిలోనూ వేలు అటూ ఇటూ ఆడింది.
కీలు పక్కన సన్నని గాడి.
పాత పుస్తకాలు దాన్ని చూసి కాన్పులు లెక్కపెట్టేవి.
ఇప్పుడెవరం నమ్మం. నేనూ రాయలేదు.
కానీ చాలాసేపు చూశాను.

తల ఒకటంటోంది, నడుము ఇంకొకటంటోంది.
నడుము మాటే వినమంటుంది చదువు.
మరి ఆ ముడి?
మెడపూసలు తీసి వరసగా పేర్చాను.
నాలుగు, ఐదు, ఆరు.
అరిగిపోయిన తిరగలి రాళ్ళు.

మధ్యాహ్నం కూర్మమ్మను తీసుకొచ్చారు.
పోయినదాని పేరు అసిరమ్మట.
ఇద్దరూ పద్నాలుగేళ్ళు
ఒకే మడిలో ఉప్పు లాగారట.
ఎముకల్ని చూసి భయపడలేదు.
మెడపూసల దగ్గర మాత్రం ఆగింది.
తన మెడ తడుముకుంది.
అడక్కుండానే నా చెయ్యి పట్టుకుని
సిగముడి కింద పెట్టింది.
గ్లవుజు తియ్యడం కూడా మర్చిపోయాను.

కొక్కెం.

"ఆడదో మగోడో నాకేటెరిక తల్లీ,
తట్ట మోసిన తలకాయ ఇది."

పుస్తకంలో మగ అని రాసివున్న ఐదు
నా వేళ్ళ కింద వెచ్చగా కదిలింది.

మూడేళ్ళ కిందట మెళియాపుట్టి కొండల నుంచి
పుర్రె ఒక్కటే వచ్చింది నాకు.
కింది ఎముకలు ఏ జంతువు లాక్కెళ్ళిందో.
తల వెనక ముడి చూసి ఐదు వేశాను,
మగ అని సంతకం పెట్టాను.
ఆ వైపు ఆడవాళ్ళు
కట్టెలమోపులతో సంతకు దిగుతారని
నాకు తెలియనిదా?
ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో,
ఎవరి కోసం ఎవరు వెతకడం మానేశారో.

"స్త్రీ అయి ఉండవచ్చును" అని రాశాను.
"ఉండవచ్చును తీసీండి మేడమ్, కోర్టులో అడుగుతారు."
"అడగనీ."
"మరి పేరో?"
"పేరు నా బల్ల మీద లేదు. డీఎన్‌ఏ రావాలి."

సెలైన్ సీసాలొచ్చిన అట్టపెట్టెలో అన్నీ సర్దాం.
అటెండరు భోజనానికెళ్ళాడు.
పై అర నాకు అందదు.
ఢిల్లేశ్వర్రావు పెన్ను జేబులో పెట్టేలోగా
కూర్మమ్మ కొంగు చుట్టకుదురులా చుట్టి
పెట్టెను నెత్తికెత్తుకుంది.
ఒక అడుగు వేసి
అక్కడే ఆగిపోయింది.

"ఏటిది మేడమ్," అంది,
"బరువే నేదు."